తలుపూ గుమ్మమూ: ముసలి లాకుల వయసు కొలవడం



కానూరి లక్ష్మణరావు గారిని విజయవాడలో ఎవరూ కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. ఆయన్ని మూడుసార్లు లోక్‌సభకు పంపిన ఊరిది. 1902 జూలై 15న కంకిపాడులో పుట్టారు. బళ్ళో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. ఆ మిగిలిన కంటితోనే 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తెచ్చుకున్నారు. రంగూన్‌లో పాఠాలు చెప్పారు, ఢిల్లీలో డిజైన్లు చూశారు, తర్వాత పదేళ్ళపాటు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు చూసే మంత్రిగా ఉన్నారు. నాగార్జునసాగర్ పేరెత్తితే ఆయన పేరు వస్తుంది. గంగా కావేరి కలపాలన్న ఆలోచన ఎత్తినా ఆయన పేరే వస్తుంది. ఈ సంగతులు మీకు నాకన్నా బాగా తెలుసు.

ఇంజనీర్లుగా మనం తక్కువ తలుచుకునేది ఆయన పాఠ్యపుస్తకాన్ని. రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు మీద ఆయన రాసిన ఆ పుస్తకం పేరులో లెక్క, డిజైను, పరీక్ష మూడూ పక్కపక్కనే ఉంటాయి. మన కాలేజీల్లో మొదటి రెండూ చదివి మూడోదాన్ని ఛాయిస్‌లో వదిలేస్తారు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ మూడోదాని గురించి. కట్టడం అయిపోయి, రిబ్బను కత్తిరించిన మంత్రీ పోయి, డిజైను చేసిన ఇంజనీరూ పోయాక, ఆ కట్టడం ఇంకా ఎన్నాళ్ళు నిలుస్తుందో ఎలా చెప్పాలి? ఆనకట్టల గురించి ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. ఆనకట్ట పక్కనే ఒదిగి ఉండే లాకు గురించి ఎవరూ అడగరు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. లాకులో ఉక్కు తలుపును ఒకరు, కాంక్రీటు గోడను ఇంకొకరు, వేర్వేరు ఫైళ్ళలో పరీక్షిస్తున్నంత కాలం లాకు వయసు మనకు అంతుపట్టదు. వయసు బయటపడేది ఆ రెండూ ఆనుకునే గీత దగ్గర. ఈ మాటకు ఎలా వచ్చానో మెట్టు మెట్టుగా చెబుతాను.

1

లాకు అంటే ఏమిటో గోదావరి జిల్లాల వాళ్ళకు చెప్పనక్కర్లేదు. అక్కడ చాలా ఊళ్ళలో ‘లాకులు’ అంటే బస్సు దిగే చోటు. పడవలు పోయినా పేరు మిగిలింది. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ఎగువ నీటికీ దిగువ నీటికీ మధ్య ఒక పొడుగాటి గది, రెండు చివరలా తలుపులు. పడవ లోపలికొచ్చాక తలుపు మూసి, గోడల్లోని తూముల గుండా నీళ్ళు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. పంపు అక్కర్లేదు, పని అంతా నదే చేస్తుంది.

ఎక్కువ లాకుల్లో తలుపుకు రెండు రెక్కలుంటాయి. మూసినప్పుడు అవి ఒకే వరుసలో నిలబడకుండా, ఎగువ వైపు మొన తేలిన కోణంలో కలుస్తాయి. వీటిని మైటర్ గేట్లంటారు. ఈ ఏర్పాటును మిలాన్ కాలువల మీద లియొనార్డో డావిన్చీ తెచ్చాడని చెబుతారు. ఎగువ నీరు ఎంత గట్టిగా నెడితే రెక్కలు అంత గట్టిగా ఒకదాన్నొకటి బిగిస్తాయి. ఆ నెట్టుడంతా చివరికి పోయేది గోడలోకే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నాలుగో మెట్టులో మళ్ళీ అవసరమవుతుంది.

మన డెల్టా కాలువల్లో పడవలు ఆగిపోవడంతో లాకులకు వయసొచ్చినా పట్టించుకున్నవారు లేరు. అమెరికాలో అలా కుదరలేదు. అక్కడ ఒహాయో, టెనసీ, మిసిసిపీ, కొలంబియా నదుల మీద ఇప్పటికీ బొగ్గు, మొక్కజొన్న, సోయా, గోధుమ బార్జీల్లో కదులుతాయి. సైన్యపు ఇంజనీర్ల దళం చేతిలో రెండు వందలకు పైగా లాకు గదులున్నాయి, వాటిలో సగానికి పైగా యాభై ఏళ్ళు దాటాయి. రోడ్డు మీద వంతెన మూస్తే చుట్టు తిరిగి పోవచ్చు, నది మీద లాకు మూస్తే చుట్టుదారి లేదు. అందుకే ముసలి లాకుల మీద వాళ్ళకు చాలా అనుభవం ఉంది. నా ఉదాహరణలు చాలామటుకు అక్కడివే.

2

ముందు తలుపు సంగతి.

గది నిండిన ప్రతిసారీ తలుపు మీద బరువు పడుతుంది, ఖాళీ అయిన ప్రతిసారీ పోతుంది. 15 మీటర్ల తేడా ఉన్న లాకులో మూసిన తలుపు కింది భాగాన ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు 15 టన్నులు. ఆ బరువుకు ఉక్కు విరగదు, అందులో డిజైను తప్పేమీ ఉండదు. పడుతూ పోతూ ఉండటంలో ఉంది అసలు బాధ. రైలు ఇరుసులు, మోయగలిగిన బరువు కింద కూడా, ఎందుకు విరుగుతున్నాయని పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో ఆగస్ట్ వోలర్ తవ్వితే తేలిందిదే. ఒక్క దెబ్బకు విరగనిది లక్ష దెబ్బలకు విరుగుతుంది. దీన్నే ఫెటీగ్ అంటున్నాం, లోహపు అలసట అన్నా సరే.

రోజుకు పది సార్లు గది నిండి ఖాళీ అయ్యే లాకు అనుకోండి. ఏడాదికి 3,650 సార్లు, యాభై ఏళ్ళకు 1,82,500. అదే యాభై ఏళ్ళలో రోజుకు రెండే సార్లు తిరిగిన లాకు తలుపుకు 36,500. ఇద్దరిదీ పుట్టినరోజు ఒకటే, వయసు మాత్రం ఒకటి కాదు. తలుపు వయసును క్యాలెండరు చెప్పదు, లాకు పుస్తకం చెబుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని చాలామంది గమనించరు. టెనసీ నది మీద చట్టనూగా దగ్గరున్న చికమాగా లాకు గది 60 అడుగుల వెడల్పు, 360 అడుగుల పొడుగు. ఇప్పటి ప్రామాణిక బార్జీ అందులో ఒక్కటే పడుతుంది. తొమ్మిది బార్జీల వరుస వస్తే విప్పి ఒక్కొక్కటిగా దాటించాలి, అంటే తొమ్మిది సార్లు నింపాలి, తొమ్మిది సార్లు వదలాలి. పక్కన కడుతున్న కొత్త లాకు 110 అడుగులు, 600 అడుగులు. దానిలో తొమ్మిదీ ఒకేసారి పడతాయి. అదే సరుకు, అదే నది, కానీ చిన్న గది తలుపు తొమ్మిది రెట్లు అలుస్తుంది.

ఇంకా పట్టించుకోవలసింది వెల్డింగు అతుకు. పాత తలుపులు రివెట్లతో బిగించినవి. రివెట్ల తలుపులో ఒక పలకలో పగులు పుట్టినా పక్క పలకలోకి దూకడం కష్టం. వెల్డింగు చేసిన తలుపంతా ఒకే ఉక్కు కిందే లెక్క, పగులుకు అడ్డుకట్ట లేదు. అతుకు మొదట్లో, మూలల్లో, బలం కోసం అంటించిన చిన్న పలక చివర్లలో పగులు మొదలవుతుంది. మొదటి పగులు వెంట్రుకంత. రంగు కింద దాగి ఉంటుంది. తుప్పు గీత సన్నగా కారితేనే ఆనవాలు దొరుకుతుంది.

లెక్క విషయానికొస్తే, వెల్డింగు అతుకుల్లో ఒత్తిడి హెచ్చుతగ్గుల విస్తృతి పెరిగితే ఆయుష్షు దాని ఘనం చొప్పున పడిపోతుంది. విస్తృతి రెట్టింపయితే ఆయుష్షు ఎనిమిదో వంతు. అంత దూరం పోనక్కర్లేదు. ఇరవై అయిదు శాతం పెరిగితే చాలు, మిగిలిన ఆయుష్షు సగమవుతుంది. విద్యార్థులు పక్కన రాసుకోవాల్సిన అంకె ఇదొక్కటే. తలుపు సన్నబడిందా, తుప్పు పట్టిందా అని చూడటం ఎంత ముఖ్యమో, దాని మీద పడే ఒత్తిడి నిరుటిలాగే ఉందా అని చూడటం అంతకన్నా ముఖ్యం. ఆ ఒత్తిడి ఎందుకు మారుతుంది? నీటి మట్టం అదే, తలుపు అదే. జవాబు గోడలో ఉంది.

3

గోడ గురించి కాస్త ఎక్కువ సేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

1940 సెప్టెంబరు 2న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్వయంగా వచ్చి చికమాగా ఆనకట్టను జాతికి అంకితం చేశాడు. టెనసీ వ్యాలీ అథారిటీ 1936లో మొదలుపెట్టి నాలుగేళ్ళలో కట్టిన కట్టడమది. కాంక్రీటుకు కంకర దగ్గరి కొండ నుంచే తీశారు. సొమ్ము ఆదా, లారీల ఖర్చు ఆదా. ఎవరైనా అదే చేస్తారు, మనం ఇప్పటికీ అదే చేస్తాం.

సరిగ్గా ఆ ఏడాదే, కాలిఫోర్నియా రహదారుల శాఖలో పనిచేస్తున్న థామస్ స్టాంటన్ ఒక వ్యాసం ప్రచురించాడు. సాలినాస్ లోయలోని వంతెనలు, రోడ్ల కాంక్రీటులో ఎవరికీ అర్థంకాని పగుళ్ళు. స్టాంటన్ తేల్చిందేమంటే, సిమెంటులోని క్షారాలు కొన్ని రకాల కంకరతో కలిసి చర్య జరుపుతున్నాయి, ఆ చర్యలో పుట్టిన జిగురు నీటిని పీల్చి ఉబ్బుతోంది, లోపలి నుంచే కాంక్రీటును చీలుస్తోంది. అప్పటిదాకా కంకర అంటే నోరూ వాయీ లేని రాయి, సిమెంటు పట్టుకుంటే ఊరుకునేది అనుకున్నారు. సిమెంటులో క్షారాలు 0.6 శాతం మించకూడదన్న నియమం ఆ పని నుంచే పుట్టింది. కానీ చికమాగాలో కాంక్రీటు అప్పటికే పోసేశారు. తెలివి వచ్చిన ఏడే కట్టడం పూర్తయింది, ఎంత దురదృష్టం చూడండి.

కొన్నేళ్ళలోనే చికమాగా గోడలు పెరగడం మొదలుపెట్టాయి. ఇది అలంకారం కాదు, అక్కడి ఇంజనీర్లు ‘కాంక్రీటు పెరుగుదల’ అనే అంటారు. ఈ చర్యకు మూడు కావాలి: క్షారం, దానికి లొంగే రాయి, తడి. రోడ్డు మీదో మేడ మీదో అయితే తడిని ఆపొచ్చు. లాకు గోడకు ఒక పక్క నది, ఇంకో పక్క రోజుకు పదిసార్లు నిండే గది. చర్య ఆగడానికి ఆస్కారమే లేదు.

ఆ జబ్బు ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. గోడలోంచి మన మోచేయంత పొడుగు కోర్ ముక్క తీసి, నీళ్ళతో కడిగి నీడలో పెట్టండి. కాసేపటికి సిమెంటు భాగం ఆరి తెల్లబడుతుంది. కొన్ని రాళ్ళ చుట్టూ మాత్రం చెమట పట్టినట్టు తడి అంచు ఆరకుండా ఉండిపోతుంది. రాయిని కోసి చూస్తే దాని అంచున ముదురు వలయం. రాయిలోంచి బయల్దేరిన సన్నని పగులు సిమెంటులోకి పోతుంది, ఆ పగులులో తెల్లటి జిగురు గట్టిపడి ఉంటుంది, గోటితో గీరితే పిండిలా రాలుతుంది. గోడ బయటి మొహం మీద ఎండిన చెరువు నేలలా నెర్రెలు కనబడేది ఇదంతా లోపల జరిగిన చాన్నాళ్ళకి.

ఇక్కడ పరీక్ష చేసేవాళ్ళు పడే గుంట ఒకటుంది. కోర్ ముక్కను మిషన్‌లో పెట్టి నలగ్గొట్టి, బలం ఇంకా బాగానే ఉందని రిపోర్టు రాస్తారు. అది అబద్ధమేం కాదు. ఈ జబ్బు పట్టిన కాంక్రీటు నలుగుడుకు చాలాకాలం తట్టుకుంటుంది. ముందుగా పోయేవి లాగుడు బలం, బిగువు. బిగువంటే ఎంత బరువుకు ఎంత లొంగుతుందన్న కొలత, స్థితిస్థాపక గుణకం. నలుగుడు అంకె ఒక్కటే చూసినవాడు రోగిని చూసి రంగు బాగుందని పంపేసినట్టే.

టెనసీ వ్యాలీ అథారిటీ ఊరుకోలేదు. గోడలను కింది రాతికి ఉక్కు తీగలతో బిగించి కట్టారు. కాంక్రీటు పెరగడానికి చోటు ఇవ్వాలని, వజ్రపు ముక్కలు పొదిగిన తీగ రంపంతో కట్టడంలో నిలువుగా సందులు కోశారు. అదే సంస్థ ఫోంటానా ఆనకట్టలో 1972లో పగులు బయటపడ్డాక అక్కడా ఇదే పని చేసింది. కోసిన సందు కొన్నేళ్ళకు మూసుకుపోతుంది, మళ్ళీ కొయ్యాలి. జబ్బు తగ్గదు, వాయిదా పడుతుంది. అందుకే 2003లో కొత్త లాకుకు అమెరికా కాంగ్రెసు ఒప్పుకుంది, ఆ మరుసటేడు పనులు మొదలయ్యాయి, నిధులు ఆగి పనులు ఆగి ఇరవై ఏళ్ళు దాటినా ఇంకా నడుస్తున్నాయి.  పాత లాకు మూతపడితే ఎగువన 318 మైళ్ళ జలమార్గం మిగతా నదితో తెగిపోతుంది. కాబట్టి ముసలిది కొత్తది వచ్చేదాకా నిలబడి తీరాలి.

చలి దేశాల లాకులకు ఇంకో జబ్బు. కాంక్రీటు రంధ్రాల్లో నీరు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతుంది, ప్రతి శీతాకాలం కాస్త కాస్త పొర రాలుతుంది. కాంక్రీటులో కావాలని సన్నని గాలి బుడగలు కలిపితే మంచు ఉబ్బడానికి చోటు దొరుకుతుందని 1930లలో తెలిసింది, 1940లలో వాడుకలోకి వచ్చింది. పిట్స్‌బర్గ్ దగ్గరి ఎమ్స్‌వర్త్ లాకు 1921 నాటిది, బుడగల సంగతి ఎవరికీ తెలియని కాలం. అలాంటి గోడల్లో దెబ్బ ఎక్కువగా తగిలేది నీటి మట్టం ఎక్కి దిగే పట్టీలో. దానికి తోడు బార్జీలు రాసుకుంటూ పోతాయి. 2024 సెప్టెంబరు 1న ప్రకాశం బరాజు మీదికి కొట్టుకొచ్చిన పడవలు ఏం చేశాయో మీరంతా చూశారు, బరువైన బార్జీ రోజూ గోడకు ఒరుసుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. మనకు మంచు బాధ లేదు కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేస్తాను.

4

ఇప్పుడు అసలు మాట.

వానాకాలం మన ఇళ్ళల్లో తలుపు ఉబ్బి బిగుసుకుంటుంది. వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తాం. చికమాగాలో ఉబ్బింది గుమ్మం. గుమ్మం ఉబ్బితే తలుపును ఎంత చిత్రిక పట్టినా సరిపోదు.

మైటర్ గేటు రెక్క తెరుచుకుని తిరుగుతున్నప్పుడు దాని సొంత బరువును రెండు చోట్ల మోస్తుంది: అడుగున బంతిలాంటి ఇరుసు, దాని పేరు పింటిల్, పైన గోడకు బిగించిన పట్టీ. మూసుకుని నీటి ఒత్తిడి పడ్డాక కథ మారాలి. అప్పుడు రెక్క అంచు గోడలోని నిలువు గాడికి పైనుంచి కిందిదాకా ఆనుకోవాలి, ఆ ఆనుడు గుండా నీటి ఒత్తిడి గోడలోకి పోవాలి. పింటిల్ మీద నీటి ఒత్తిడి పడకూడదు, దాన్ని అందుకు చెయ్యలేదు. ఇదంతా కుదరాలంటే రెక్క అంచుకూ గోడ గాడికీ మధ్య సందు ఉండకూడదు.

గోడ పెరిగినా, వంగినా, ఆనే దిమ్మెలు అరిగినా, గాడి వెనక కాంక్రీటు బిగువు తగ్గినా, సందు పుడుతుంది. ఎక్కువగా అడుగున, నీళ్ళలో, ఎవరి కంటికీ కనబడని చోట. కాగితం పట్టేంత సందు కాస్త ఎక్కువైతే, గోడలోకి పోవాల్సిన నీటి ఒత్తిడి దారి మార్చి పింటిల్ వైపు, పక్కనున్న అడ్డ దూలాల వైపు మళ్ళుతుంది. అక్కడి అతుకుల్లో ఒత్తిడి విస్తృతి పెరుగుతుంది. ఇంతకుముందు చెప్పిన ఇరవై అయిదు శాతం గుర్తుంది కదా. తలుపు రిజిస్టరులో లాకేజీల సంఖ్య, అంటే గది నిండి ఖాళీ అయిన సార్ల లెక్క, మారలేదు, ఉక్కు నాణ్యత మారలేదు, కానీ ఆ ఒక్క మూలలో ఆయుష్షు సగమైంది. కాంక్రీటు ఫైలు చూసేవాడికి ఇది తెలియదు, తన గోడ నిలబడే ఉంది. తలుపు ఫైలు చూసేవాడికీ తెలియదు, తన లెక్కలో గోడ కదలదు.

గోడ ఏళ్ళ లెక్కన ముసలిదవుతుంది. తలుపు లాకేజీల లెక్కన ముసలిదవుతుంది. ఈ రెండు గడియారాలూ ఒకదాన్నొకటి తిప్పుతాయి. గోడ గడియారం ఒక ముల్లు కదిలితే తలుపు గడియారం పరుగందుకుంటుంది. తిరుగు ప్రయాణమూ ఉంది. తలుపు సరిగా ఆనకపోతే దాని దెబ్బ గాడి కాంక్రీటు మీదో, కింది గడప మీదో ఒకే చోట పడి అక్కడ కాంక్రీటు చిట్లుతుంది. గడపను తక్కువగా చూడకండి. కొలంబియా నది మీది బాన్‌విల్ లాకులో 2019 సెప్టెంబరులో తలుపు ఆనే కాంక్రీటు గడప పగిలి నీళ్ళు కారాయి. మూడు వారాలకు పైగా, గోధుమ కోతలు అయ్యాక మంచి సీజనులో, నది మీద రవాణా మొత్తం ఆగింది. అది ముసలి లాకు కూడా కాదు, 1993లో కట్టింది.

తలుపు పోతే ఏమవుతుందంటారా? 2009 సెప్టెంబరు 27న ఒహాయో మీది మార్క్‌లాండ్ లాకులో పెద్ద గది తలుపు చెడిపోయింది. మళ్ళీ తెరిచింది 2010 మార్చి 1న. ఆ అయిదు నెలలూ పడవలన్నీ పక్కనున్న సగం పొడుగు గదిలోంచి పోయాయి. పెద్ద వరుసలను రెండుగా విడగొట్టాలి, అంటే చిన్న గది తలుపు మీద ప్రతి వరుసకూ రెండేసి లాకేజీలు. పెద్ద తలుపు జబ్బు చిన్న తలుపు ఆయుష్షు తిన్నది. 2024 ఆగస్టులో తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగినప్పుడు మనం కొట్టుకుపోయిన గేటును చూశాం. మిగిలిన గేట్ల గొలుసులు ఎన్నిసార్లు ఎక్కి దిగాయన్న లెక్క అప్పుడు ఎంతమంది అడిగారు?

5

మరి ఎలా కొలవాలి?

మామూలుగా జరిగేది ఇది. కొన్నేళ్ళకోసారి లాకు గదికి రెండు వైపులా అడ్డుకట్టలు దింపి, నీళ్ళు తోడి, ఎండబెట్టి చూస్తారు. అందులో ఉన్న చిక్కు ఒహాయో మీది గ్రీనప్ లాకు చెబుతుంది. 2003లో 18 రోజుల మరమ్మతు అని మూశారు. నీళ్ళు తీసి చూస్తే తలుపులో అనుకున్నదానికన్నా ఎన్నో పగుళ్ళు. 52 రోజులు పట్టింది. నీళ్ళున్నప్పుడు ఒక అంచనా, నీళ్ళు తీశాక ఒక నిజం. వ్యాపారులకు, పడవలవాళ్ళకు దెబ్బ తగిలింది పగుళ్ళ కన్నా, ఆ అంచనా తప్పడం వల్లే.

గోడకు మన దగ్గరా చేసే పరీక్షలు సరిపోతాయి, కాకపోతే దేనికి ఎంత విలువివ్వాలో తెలియాలి. సుత్తితో కొట్టి వినడం అన్నిటికన్నా పాతది, ఇప్పటికీ పనికొస్తుంది. గట్టి కాంక్రీటు ఠంగుమంటుంది, పొర విడిన చోట డొల్ల మోత. రీబౌండు హామరు పై పొర గట్టిదనమే చెబుతుంది, మీటరు లోపల ఏముందో దానికి తెలియదు. ధ్వని వేగం మీద నమ్మకం పెట్టుకోవచ్చు. మంచి కాంక్రీటులో సెకనుకు నాలుగు వేల మీటర్ల పైన పోయేది, లోపల నెర్రెలు పడితే బాగా తగ్గుతుంది. కోర్ తీస్తే నలుగుడు బలంతో పాటు బిగువు కూడా కొలవమని పట్టుబట్టండి. రాతి నిపుణుడి సూక్ష్మదర్శిని కిందికి ఒక ముక్క పంపండి. జబ్బు పేరు చెప్పేది అతనే.

అయితే వీటన్నిటి కన్నా ముందు, చవగ్గా, చెయ్యాల్సింది వేరే. తలుపు మూసి నీళ్ళు నింపినప్పుడు రెక్క అంచుకూ గోడకూ మధ్య సందు ఎంత, ఎక్కడ? ఎండబెట్టినప్పుడు సన్నని ఉక్కు రేకులు దూర్చి పైనుంచి కిందిదాకా ప్రతి అడుక్కూ కొలిచి రాసుకోవచ్చు. రెండు రెక్కలు కలిసే చోట మొన నిరుటి కన్నా ఎంత జారింది? గోడల మీద దిగ్గొట్టిన ఇత్తడి మేకుల మధ్య దూరం ఎంత మారింది? ఈ మూడు అంకెలూ ఒకే కాగితం మీద, ఒకే మనిషి చేతిరాతలో ఉండాలి. సందు పెరిగి మేకులు కదలకపోతే అరుగుడు, దిమ్మెలు మార్చండి. సందూ మేకులూ రెండూ కదిలితే గోడ పెరుగుతోంది, దిమ్మెలు మార్చినా మళ్ళీ వస్తుంది.

నీళ్ళున్నప్పుడు కూడా చూడాలంటే ఉక్కు ఎంత సాగిందో చెప్పే స్ట్రెయిన్ గేజీలు కావాలి. అమెరికాలో కొన్ని లాకుల తలుపులకు ఇవి అంటించి ఏళ్ళ తరబడి వదిలేశారు. తెలివి గేజీలో లేదు, పోల్చడంలో ఉంది. అదే నీటి తేడా దగ్గర నిరుడు ఎడమ రెక్క అడుగు దూలం ఎంత సాగింది, ఇప్పుడెంత? కుడి రెక్క మారకుండా ఎడమ రెక్క మారితే ఆ వైపు ఆనుడులో ఏదో జరిగింది. తలుపుకు అంటించిన గేజీ గోడ జబ్బును చెబుతోందన్నమాట. పగులు పుట్టాక వెతకడం కన్నా, పగులు పుట్టే పరిస్థితి వచ్చిందని ముందే తెలుసుకోవడం ఇది.

కొందరు పెద్దలు కంప్యూటరు మోడలు సంగతి అడుగుతారు. చెయ్యండి. కానీ మోడలులో గోడను కదలని రాయిగా పెట్టి తలుపుకు ఆరు దశాంశాల దాకా లెక్క వేస్తే, ఆ ఆరు దశాంశాలూ అలంకారమే.

6

మన సంగతి క్లుప్తంగా.

1847 నుంచి 1852 దాకా కాటన్ దొర దవళేశ్వరం ఆనకట్ట కట్టించాక గోదావరి డెల్టా కాలువల మీద వచ్చిన పాత లాకులు రాతికట్టుబడి, సున్నం. వాటికి స్టాంటన్ చెప్పిన జబ్బు రాదు, సిమెంటే లేదు కాబట్టి. వాటికి మనం తెచ్చిపెట్టే జబ్బు వేరు. ఊపిరాడే సున్నపు గోడ మీద గట్టి సిమెంటు ప్లాస్టరు పూసి తడిని లోపల బంధిస్తాం, ప్లాస్టరు రాయితో సహా ఊడుతుంది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలను 2008లో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. మళ్ళీ పడవలు తిరిగే రోజొస్తే ఆ లాకుల తలుపులకూ లాకేజీల లెక్క మొదలవుతుంది.

కాంక్రీటు జబ్బు మన దేశంలో లేదని మాత్రం అనుకోకండి. హిరాకుడ్, రిహాండ్ ఆనకట్టల్లో క్షార చర్య తాలూకు పగుళ్ళు బయటపడ్డాయి. రావు గారు మంత్రిగా ఉన్న రోజుల్లో పని సాగిన ఫరక్కాలో నది పడవల కోసం లాకు ఉంది, ఇప్పుడు దాని పక్కనే ఇంకో కొత్త లాకు కట్టారు. కొత్త లాకుకు కావాల్సింది మొదటి ఏడాది కొలతలు. సందు, మొన, మేకుల ఆ మూడు అంకెలు ఇప్పుడు రాసి పెట్టకపోతే, యాభై ఏళ్ళ తర్వాత కొలిచేవాడికి పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. లాకేజీలు లెక్కపెట్టే మీటరు ఒకటి పెట్టడానికి పెద్ద ఖర్చూ లేదు.

విద్యార్థులకు ఒక మాట చెప్పి ముగిస్తాను. అమెరికా వాళ్ళు లక్షల డాలర్లు పెట్టి, పడవలాపి, లాకు గదిని ఎండబెడతారు. మన డెల్టాలో ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు, లాకు గది ఉచితంగా ఎండుతుంది. ఒక టేపు, ఉక్కు రేకుల కట్ట, సుత్తి, నోటు పుస్తకం చాలు. లాకు దగ్గర పనిచేసే లస్కర్‌ను పక్కన పెట్టుకోండి. ఏ తలుపు ఏ ఏడు నుంచి మూలుగుతోందో మీ గేజీల కన్నా ముందు ఆయన చెబుతాడు, అదీ రాసుకోండి. అనుమతి కోసం నీటిపారుదల శాఖకు ఉత్తరం ఫిబ్రవరిలోనే పెట్టండి. ఏప్రిల్‌లో పెడితే కాలువలకు నీళ్ళొదిలాక జవాబొస్తుంది.